కొండను అడుగుతూ కట్టిన వంతెన

2021 ఏప్రిల్ 5. జమ్మూకాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో, చీనాబ్ లోయకు అటు కౌరి వైపు నుంచీ ఇటు బక్కల్ వైపు నుంచీ పెరుగుతూ వచ్చిన రెండు ఉక్కు అర్ధకమానుల మధ్య 5.6 మీటర్ల ఖాళీ మిగిలింది. ఆ రోజు అందులో ఆఖరి ముక్కను కూర్చోబెట్టారు. 467 మీటర్ల కమాను పూర్తయింది. టీవీలవాళ్ళు ఎత్తు గురించి చెప్పారు, ఈఫిల్ టవర్ కంటే 35 మీటర్లు ఎక్కువన్నారు. అప్పటి లెక్కకు నిజమే. కానీ ఆ పనిలో అసలు తమాషా ఎత్తులో లేదు, ఆ ఖాళీలో ఉంది.

ఉక్కు వేడికి సాగుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే మీటరు పొడవున్న ఉక్కు ఒక మిల్లీమీటరులో ఎనభయ్యో వంతు పెరుగుతుంది. మీటరుకైతే ఎవరికీ పట్టని తేడా. 467 మీటర్లకు, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ నడుమ 10 డిగ్రీల తేడా ఉందనుకుని గుణించండి. ఐదున్నర సెంటీమీటర్లు దాటుతుంది. బోల్టుకూ దాని రంధ్రానికీ మధ్య వదిలే సందు మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. పొద్దున పట్టిన ముక్క మధ్యాహ్నానికి పట్టదన్నమాట. ఒక పక్క ఎండ, మరో పక్క నీడ పడితే కమాను పక్కకు కూడా కాస్త ఒరుగుతుంది. పైగా ఆ రెండు అర్ధకమానులూ వేర్వేరు ఒడ్డుల మీద, వేర్వేరు కొండరాళ్ళ మీద ఆనుకుని ఉన్నాయి. ఇన్ని చిక్కుల మధ్య రెండు చివరలు ఒకచోట కలిశాయంటే, ఆ వంతెనను లోయలో కట్టకముందే కంప్యూటర్‌లో ముక్కముక్కగా కట్టి చూసుకోవడమే కారణం.

అలా కట్టి చూసుకోవడం చాలదని కూడా అదే వంతెన నేర్పింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

చీనాబ్ వంతెన ఉధంపూర్-శ్రీనగర్-బారాముల్లా రైలుమార్గంలో ఒక భాగం. మొత్తం పొడవు 1,315 మీటర్లు, నదిగర్భం నుంచి ఎత్తు 359 మీటర్లు, అందులో ఉక్కు 28 వేల టన్నులకు పైనే. గంటకు 266 కిలోమీటర్ల గాలికి తట్టుకోవాలి. కట్టేనాటి భూకంపాల మ్యాపులో అత్యంత ప్రమాదకరమైన ఐదో జోన్ కుదుపులకూ తట్టుకోవాలి. ఆయుష్షు 120 ఏళ్ళు ఉండాలి. కట్టించింది కొంకణ్ రైల్వే, కట్టింది ఆఫ్కాన్స్ నాయకత్వంలోని కంపెనీల కూటమి. 2025 జూన్ 6న ప్రధాని ప్రారంభించారు.

ఉక్కు భాగాల వివరాలన్నీ టెక్లా అనే సాఫ్ట్‌వేర్‌లో తయారయ్యాయి. దీన్ని తిప్పి చూడగలిగే త్రీడీ బొమ్మ అనుకుంటే పొరపాటే. బొమ్మకు బరువుండదు. డిజిటల్ మోడల్‌లో ప్రతి పలకకూ ఒక నంబరు ఉంటుంది. దాని మందం ఎంత, ఏ గ్రేడు ఉక్కు, ఎన్ని రంధ్రాలు, ఏ అంచున ఏ వెల్డింగు, బరువెంత, గరిమనాభి ఎక్కడ, అన్నీ దానికి అంటిపెట్టుకుని ఉంటాయి. ఒక పలక మందం మారిస్తే దాన్ని ఆనుకున్న పలకలు, బోల్టుల పొడవు, మొత్తం బరువు వాటంతటవే మారతాయి. రెండు ముక్కలు ఒకే చోటికి వస్తే తెర మీదే తగువు బయటపడుతుంది. లోయ మీద వేలాడే క్రేనుకు కట్టాక బయటపడితే ఆ తగువు ఖరీదు వేరు.

బరువు, గరిమనాభి అన్నవి చిన్న వివరాలుగా కనిపిస్తాయి. చీనాబ్ దగ్గర వాటి మీదే పని నడిచింది. భారీ ముక్కలను లారీలో తేవడానికి ఆ ఘాట్ రోడ్లు పనికిరావు. అందుకని నది ఒడ్డుల మీదే వర్క్‌షాపులు పెట్టి, పలకలు తెచ్చి అక్కడే కోసి, వెల్డింగు చేశారు. తయారైన ముక్కలను మోసింది లోయకు అడ్డంగా దాదాపు 915 మీటర్ల దూరాన కట్టిన కేబుల్ క్రేను. అది ఎత్తగలిగేది 34 టన్నులు. వంతెన రూపకల్పన ఎంత ఘనంగా ఉన్నా, ఏ ముక్కా ఆ 34 టన్నులు దాటకూడదు. కాబట్టి కమానును ఎక్కడెక్కడ విడగొట్టాలో తేల్చడంలో క్రేనుకూ ఒక మాట ఉంది. పాత పద్ధతిలో డిజైనరు గీసి పంపితే, కాంట్రాక్టరు తల గోక్కుని, ఉత్తరాలు రాసి, సవరణ తెప్పించుకునేవాడు. మోడల్ మీద ఇద్దరూ కలిసి కూర్చుంటే ఆ ఉత్తరాలు తగ్గుతాయి.

ఇంకో సంగతి. పూర్తయిన కమాను గట్టిగా నిలబడుతుందని లెక్కగట్టడం సులువు. కమాను తన బరువును రెండు ఒడ్డుల్లోకి నెడుతుంది, ఆ నెట్టుడులోనే దాని బలం ఉంది. కానీ సగం కమానుకు ఆ బలం లేదు. ఒడ్డు నుంచి గాలిలోకి చాచిన చెయ్యి అది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది ఉక్కు కేబుళ్ళు. రోజుకో ముక్క చేరిన కొద్దీ కేబుళ్ళలో బిగువు మారుతుంది, కమాను వంపు మారుతుంది. పూర్తయ్యాక ఎప్పుడూ రాని ఒత్తిళ్ళు కట్టేటప్పుడు వస్తాయి. అందుకని ఇంజనీర్లు లెక్కగట్టాల్సింది ఒక వంతెనను కాదు, పని సాగిన ప్రతి దశలోనూ ఉన్న అసంపూర్తి వంతెనలన్నింటినీ. పట్టాలు వేసే పైభాగాన్ని ఒడ్డు నుంచి కొంచెం కొంచెంగా ముందుకు నెడుతూ జరిపినప్పుడూ ఇదే కథ. ఇవాళ స్తంభం మీద ఆనిన చోటు రేపు గాలిలో ఉంటుంది. అదీ వంపు తిరిగే చోట అలా నెట్టడం భారతీయ రైల్వేలో తొలిసారి.

ఈ లెక్కలు కంప్యూటర్ ఎలా చేస్తుంది? వంతెన మొత్తానికి ఒక సమీకరణం రాసి సాధించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి దాన్ని చిన్న చిన్న గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడి సాదాసీదా ఆకారం, దాని లెక్క తేలిక. పక్క గడితో అది ఎలా నెట్టుకుంటుందో, లాక్కుంటుందో చెప్పే సమీకరణాలు లక్షల్లో పోగవుతాయి. వాటిని కలిపి సాధించడం యంత్రం పని. గళ్ళను ఎక్కడ చిన్నవి చెయ్యాలో, ఎక్కడ పెద్దవి వదలాలో తేల్చడం మాత్రం మనిషి పని. ఆ పనిలో తప్పు జరిగితే ఏమవుతుందో నార్వేవాళ్ళు 1991 ఆగస్టు 23న చూశారు. స్లీప్నర్-ఎ అనే చమురు వేదిక కాంక్రీటు అడుగుభాగాన్ని సముద్రపు పాయలో నీళ్ళలోకి దించి పరీక్షిస్తుండగా ఒక గోడ పగిలి అది మునిగిపోయింది. అడుగు తాకినప్పుడు రిక్టర్ స్కేలు మీద 3 తీవ్రత నమోదైంది. నష్టం 70 కోట్ల డాలర్ల దాకా లెక్కవేశారు. ఎవరికీ ప్రాణాపాయం కలగకపోవడం అదృష్టం. తీరా విచారిస్తే, గోడలు కలిసే మూలల్లో గళ్ళు మరీ పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. అక్కడి కోత ఒత్తిడిని మోడల్ 47 శాతం తక్కువ చూపింది. దాన్ని నమ్మి ఉక్కు తక్కువ వేశారు. తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్క 62 మీటర్ల లోతులో ఆ గోడ పగులుతుందని చెప్పింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర.

ఇక్కడ నన్ను పట్టుకున్నది తప్పు జరగడం కాదు. సాఫ్ట్‌వేర్ చేసిన కూడికలు తీసివేతల్లో తప్పేమీ లేదు. అది తనకిచ్చిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది. తెర మీద రంగురంగుల పటం వచ్చేసరికి, ఈ ప్రశ్న సరైనదేనా అని అడగడం మానేశారు. అడగవలసిన మనిషి బయటివాడై ఉంటే మంచిది. చీనాబ్‌లో అలాంటి బయటివాళ్ళు చాలామందే ఉన్నారు. కమాను రూపకల్పన జర్మనీకి చెందిన లియోన్‌హార్ట్, ఆంద్రే సంస్థది. వయాడక్టు (ఒడ్డు నుంచి స్తంభాల మీద సాగే భాగం), పునాదుల రూపకల్పన డబ్ల్యూఎస్‌పీ ఫిన్లాండ్‌ది. పైభాగం లెక్కలను మళ్ళీ మొదటి నుంచీ చేసి సరిచూసింది ఫ్లింట్ అండ్ నీల్ అనే బ్రిటన్ సంస్థ. గాలి సొరంగ పరీక్షలు ఐరోపాలో ఫోర్స్ టెక్నాలజీవాళ్ళు చేశారు. పేలుళ్ళకు తట్టుకునే లెక్క డీఆర్‌డీవోది. ఆ లెక్క వల్లే ఒక ఆధారస్తంభం పోయినా వంతెన కూలకుండా, నెమ్మదిగా రైలు దాటగలిగేలా తీర్చారు. కొండవాలు స్థిరత్వం ఐఐటీ ఢిల్లీ, ఇటాస్కా సంస్థలు చూశాయి. పునాదుల రక్షణ బాధ్యత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తీసుకుంది.

ఆ చివరి భాగంలోనే మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు నుంచి వెళ్ళిన గాలి మాధవీలత ఉన్నారు. కాకినాడ జేఎన్‌టీయూలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్, ఐఐటీ మద్రాస్‌లో పీహెచ్‌డీ. వంతెన ప్రారంభమైన వారం ఆమె పేరు దేశమంతా మోగింది. తాను ఈ వంతెనకు పనిచేసిన వేలమందిలో ఒకరినేననీ, తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చెయ్యవద్దనీ ఆమె రాసుకున్నారు. ఆ మాటను గౌరవిస్తూ, మనిషిని వదిలి పని గురించి మాట్లాడుకుందాం. అది మరీ ఆసక్తికరం.

ఉక్కు మనం చేసింది. దాని బలం కర్మాగారం ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఉంటుంది. కొండ మనం చేసింది కాదు. చీనాబ్ ఒడ్డున ఉన్నది డోలమైటు కలిసిన సున్నపురాయి. హిమాలయాల ఒత్తిడికి నలిగి, ఎన్నో దిక్కుల్లో చీలిపోయి ఉంది. చేతిలోకి తీసుకున్న ముక్క గట్టిదే. ప్రయోగశాలలో నొక్కితే మంచి అంకెలే వస్తాయి. కానీ కొండ బలం ముక్క బలం కాదు, చీలికల బలం. పుస్తకాల దొంతరను బల్ల మీద నిలువుగా నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది, బల్లను కాస్త వాల్చగానే పై పుస్తకం జారిపోతుంది. చీలికలు లోయ వైపు వాలి ఉన్నాయా, కొండ లోపలికి వాలి ఉన్నాయా, మీటరుకు ఎన్ని ఉన్నాయి, వాటి మధ్య మట్టి ఉందా, నీరు దిగుతోందా, వీటన్నింటి మీదా 350 మీటర్ల వాలు, దాని మీద నిలిచే స్తంభాలు ఆధారపడి ఉంటాయి.

ప్రతి చీలికనూ కంప్యూటర్‌లో గీయలేం. అన్నీ కంటికి కనిపించవు కూడా. అందుకు ఒక ఉపాయం ఉంది. చీలికల సంఖ్య, వాటి వాలు, వాటి గరుకుదనం, ఈ మూడింటినీ కలిపి ఒక అంకెగా మార్చే పద్ధతిని ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు ఏనాడో రూపొందించారు. ఆ అంకెను బట్టి రాయి బలాన్ని తగ్గించి, ఇక చీలికలే లేని, కాకపోతే బలహీనమైన ఒకే రాయిగా కొండను లెక్కగట్టవచ్చు. బెంగళూరు బృందం ఈ పద్ధతిలో ఫ్లాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాలును నిర్మించింది. 1991 అక్టోబరు 20న ఉత్తరకాశీలో వచ్చిన భూకంపపు కుదుపుల రికార్డును దాని అడుగున ఇచ్చి, వాలు ఎంత కదులుతుందో చూసింది. ఆ ఫలితాలను మరో రకం లెక్కతో సరిపోల్చి పత్రికల్లో ప్రచురించింది. ప్రచురించడం అన్నది చిన్న విషయం కాదు. కంపెనీ నివేదిక బీరువాలోకి వెళుతుంది. పరిశోధనాపత్రం మాత్రం తప్పు పట్టగల ప్రతివాడి చేతికీ వెళుతుంది.

ఇంత చేశాక కూడా, తవ్వడం మొదలుపెడితే కొండ వేరేగా ఉంది. పైనుంచి చూసి అనుకున్నంత రాయి కొన్ని చోట్ల లేదు. లోపల దాగిన ఖాళీలు బయటపడ్డాయి. కొన్ని అడుగులు జరిగేసరికి రాతి గుణమే మారిపోయింది. ఇలాంటప్పుడు మన దగ్గర మామూలుగా రెండే జరుగుతాయి. ఒకటి, డ్రాయింగు ఇదే కదా అని అలాగే కట్టెయ్యడం. రెండు, పని ఆపి కోర్టుకెక్కడం. చీనాబ్‌లో మూడో దారి పట్టారు. తవ్విన కొద్దీ బయటపడిన రాయిని కొలవడం, ఆ కొలతలను మోడల్‌లోకి ఎక్కించడం, మళ్ళీ లెక్క చూడటం, దాన్ని బట్టి పునాది డిజైనునూ, రాతిలోకి దింపే ఉక్కు కడ్డీల అమరికనూ, చీలికల్లోకి ఎక్కించే సిమెంటు పాలనూ మార్చడం. మాధవీలత 2025లో ఇండియన్ జియోటెక్నికల్ జర్నల్‌లో రాసిన వ్యాసం ఈ పద్ధతి గురించే. సాగుతూ సాగుతూ డిజైన్ చేసుకోవడం అని ఆమె శీర్షికలోనే ఉంది.

ఇది మాట తేలికగా, పని కష్టంగా ఉండే పద్ధతి. దీని మూలం కొత్తది కాదు. అమెరికా భూసాంకేతిక శాస్త్రవేత్త రాల్ఫ్ పెక్ 1969లో తన ర్యాంకిన్ ఉపన్యాసంలో దీన్ని నియమాలుగా చెప్పాడు. నేల ఎలా ఉండొచ్చో ముందే ఊహించు, అంతకంటే చెడ్డగా ఉంటే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకో, కట్టేటప్పుడు కొలుస్తూ ఉండు, కొలత మారితే ప్లాను మార్చు అన్నది దాని సారం. రెండో నియమమే కీలకం. దానికి డబ్బూ, అధికారమూ ముందే కేటాయించి ఉండాలి. టెండరు పిలిచిన రోజునే అన్నీ తెలిసినట్టు రాసుకునే ఒప్పందాలలో ఆ నియమానికి చోటు ఉండదు. ప్రొఫెసరు ఒకసారి వచ్చి సైటు చూసి, నివేదిక ఇచ్చి, ఫీజు తీసుకుని వెళ్ళిపోతే ఈ పద్ధతి సాగదు. 17 ఏళ్ళ పాటు ఒకే బృందం అందుబాటులో ఉండటం వల్ల సాగింది. ఆ మధ్యలో 2008లో పనులు ఆగాయి, 2010లో మళ్ళీ మొదలయ్యాయి. పని మొదలైనప్పుడు ఉన్న అధికారులు చివరిదాకా ఉండరు. కొండను గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా.

కొండ మాట వినడం అంటే ఎంత దూరం పోవాలో చెప్పే ఉదాహరణ అదే రైలుమార్గంలో, పక్కనే ఉంది. అంజీ ఖడ్ అనే లోయ మీద కూడా మొదట కమాను వంతెనే అనుకున్నారు. అక్కడి వాలు ఆ నెట్టుడును భరించదని తేలింది. కమానును పక్కన పెట్టేసి, ఒక్కటే స్తంభం నుంచి 96 కేబుళ్ళు పట్టి నిలబెట్టే వంతెనగా మార్చారు. స్తంభం ఎత్తు 193 మీటర్లు, వంతెన పొడవు 725. దేశంలో కేబుళ్ళ మీద నిలిచిన తొలి రైలు వంతెన అలా పుట్టింది. చీనాబ్ అంత పేరు దానికి రాలేదు. నాకైతే ఆ నిర్ణయమే ఎక్కువ ధైర్యంగా తోస్తుంది. గీసిన డిజైను వదులుకోవడం ఏ ఆఫీసులోనూ సులువు కాదు.

వంతెనలు ప్రారంభమయ్యాక కూడా మోడల్ పని అయిపోదు. చీనాబ్ మీద గాలిని కొలిచే సాధనాలున్నాయి. గంటకు 90 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రబడి రైలు ఆగుతుంది. లోయలో గాలి మైదానపు గాలి కాదు. కొండల మధ్య ఇరుక్కుని వేగం పుంజుకుంటుంది, దిక్కు మారుస్తుంది. గాలి సొరంగంలో చిన్న నమూనా మీద చేసిన లెక్క ఎంతవరకు సరైనదో ఏళ్ళ తరబడి అందే ఈ కొలతలే చెబుతాయి.

మన వైపు చూసుకుంటే కొండను అడగకపోవడం వల్ల వచ్చిన నష్టం పచ్చిగానే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, నీరూ బురదా విరుచుకుపడి ఎనిమిది మంది చనిపోయారు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నేల మీద నుంచి బోరు వేసి రాతిని చూసే వీలు చాలాచోట్ల లేదు. రాయి ఎక్కడ బలహీనంగా ఉందో, నీరు ఎక్కడ పొంచి ఉందో పూర్తిగా తేలకుండానే తవ్వకం ముందుకు పోయింది. ప్రమాదం తర్వాత, అదే ఏడాది నవంబరులో, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) సహకారంతో హెలికాప్టర్ నుంచి విద్యుదయస్కాంత సర్వే మొదలుపెట్టారు. పెద్ద తీగచుట్టను హెలికాప్టర్‌కు వేలాడదీసి, నేలలోకి విద్యుదయస్కాంత స్పందాలు పంపి, తిరిగి వచ్చే సంకేతాన్ని బట్టి లోతున నీరున్న పగుళ్ళను పసిగట్టే పద్ధతి ఇది. చెట్టు కొట్టనక్కర్లేదు, బోరు వెయ్యనక్కర్లేదు. ఆ సంస్థ మన హైదరాబాద్‌లో 1961 నుంచీ ఉంది. ఎనిమిది ప్రాణాలు పోయాక పిలిచాం.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సొరంగాలు, మెట్రో మార్గాలు, ఆనకట్టలు, ఎత్తిపోతలు ఇంకా ఎన్నో రాబోతున్నాయి. వాటి త్రీడీ వీడియోలు శంకుస్థాపన రోజునే వాట్సాప్‌లో మనకు అందుతాయి. చూడముచ్చటగానే ఉంటాయి. మీ ప్రాంతంలో అలాంటిది వచ్చినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళండి, వీడియో గురించి కాదు, నేల గురించి అడగండి. ఎన్ని బోర్లు వేశారు, ఏ విశ్వవిద్యాలయం ఏ పరిశోధనా సంస్థ లెక్క సరిచూసింది, తవ్వకం మొదలయ్యాక కూడా ఆ బృందం సైటులో ఉంటుందా, దానికి అంచనాల్లో ఎంత డబ్బు పెట్టారు అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.